లారీ ముక్క

గూడ్సు పోయినప్పుడల్లా
మా గుడి కిటికీల్లో పునీతులు పళ్లు కొరుకుతారు.
ఆరు కిటికీలు.
సీసపు గీతల మధ్య కాస్త కాస్త వదులైన ఆరుగురు.
బెజవాడలో రైలు కదలని రాత్రి లేదు గనక
వాళ్లకి నిద్ర లేదు.

ఏ చలిదేశంలోనో చేశారట వాటిని,
వరిగడ్డి కాని ఏదో గడ్డిలో చుట్టి ఓడెక్కించారట.
అక్కడ ఎండని చేబదులు తెచ్చుకోవాలి కాబోలు,
చారెడు వెలుతురుకే వెలిగేట్టు
అంత పలచగా పోశారు రంగుల్ని.
ఇక్కడ రోహిణి కార్తెలో
పదింటికల్లా నీలం పొంగి
బెంచీల మీంచి కారి
శౌరమ్మత్త చీపురు కింద పడుతుంది.
ఊడుస్తుంది. పోదు.
"దీని దుంపతెగ" అంటుంది,
వెంటనే బలిపీఠం వైపు తిరిగి లెంపలేసుకుంటుంది.
అత్తకి గడియారం లేదు.
ఎరుపు మూడో బెంచీ కాలు తాకితే
పంపు దగ్గర బిందె పెట్టే వేళ.

ఏటా ఒక ఆదివారం ఫాదరుగారు చెబుతారు,
బయటినుంచి చూస్తే అంతా నలుపే
లోపలికి వస్తేనే వెలుగు, అని.
అందరూ తలలూపుతారు.
మా ఇల్లు బయటే, కాలవ గట్టు మీద.
క్రిస్మస్ నడిరేయి పూజకి లోపల లైట్లేస్తే
మరియమ్మ తల్లి కొంగు నీలం
రోడ్డు దాటి, మురుగు దాటి
మా రేకు గోడకి అంటుకునేది.
జ్వరమొచ్చి గుడికి పోలేని ఏడు
దాన్ని అరచేత్తో తడిమాను.
రేకు రేకులాగే చల్లగా ఉంది.
చెయ్యి మాత్రం నీలమైంది.
ఈ సంగతి ప్రసంగంలో లేదు.

అసలు చెప్పాల్సింది ఇది కాదు.
నాలుగో కిటికీ జోజప్పగారిది.
చేతిలో పువ్వు, పక్కన రంపం, గోధుమరంగు అంగీ.
ఆయన మోకాలు పగలగొట్టింది నేను.
ఉండేలు నాది, గురి పావురానికి, వయసు తొమ్మిది.
చప్పుడు పెద్దగా రాలేదు,
ఎవరో చెరుకు కణుపు విరిచినట్టు, అంతే.
నేరం ఇన్నాసి మీద పడింది.
వాళ్ల నాన్న వాణ్ణి గుడి మెట్ల మీదే కొట్టాడు.
నేను లెక్కపెట్టాను.
పదకొండు.

ఆ శనివారం పాపసంకీర్తనంలో
రెండు అబద్ధాలు, ఒక బెల్లం ముక్క ఒప్పుకుని
మూడు మంగళవార్త జపాలతో బయటపడ్డాను.

ఏడాదిపాటు ఆ చిల్లుకి డాల్డా డబ్బా రేకు.
అప్పుడొచ్చాడు ఆటోనగర్ నుంచి కరీముల్లా,
లారీలకి అద్దాలు బిగించే మనిషి.
"ఆ రంగు దొరకదు ఫాదర్,
ఈ ఎండలో పుట్టింది కాదది" అన్నాడు.
ఎక్కడో బోల్తాపడ్డ లారీ ఇండికేటర్‌లోంచి
నారింజ ముక్క కోసి, లప్పం పెట్టి,
నోటి ఆవిరి పట్టించి చొక్కా కొసతో తుడిచాడు.
దాని మీద కంపెనీ పేరు సగం అలాగే ఉండిపోయింది,
జోజప్పగారి మోకాలి మీద.
డబ్బులొద్దన్నాడు.
టీ మాత్రం తాగాడు, ఆ మెట్ల మీదే కూచుని.

నాలుగున్నరకి ఆ ముక్క వెలుతురు
పాపసంకీర్తన పెట్టె ముందు
మోకరించే పలక మీద పడుతుంది.
గూడ్సు పోతే వణుకుతుంది.
వెలిగి ఆరి, వెలిగి ఆరి,
ఏదో బండి మలుపు తిరుగుతానని చెబుతున్నట్టు.
ముప్పై ఏళ్లుగా చెబుతోంది.
తిరిగిన బండి లేదు.

ఇన్నాసి ఇప్పుడు రైల్వేలో గ్యాంగ్‌మన్.
ఎండకి వాడి మెడ నల్లబడి మెరుస్తుంది.
మొన్న కూతురి పెళ్లి ప్రకటన రాయించడానికి వచ్చి
వరసలో నా పక్కన మోకరించాడు.
నారింజ రంగు వాడి వేళ్ల మీంచి
మెల్లిగా నా వేళ్ల మీదికి జరిగింది.
నేను చెయ్యి తీసేయబోయాను.

తలెత్తకుండానే అడిగాడు
"ఇంతకీ ఆ పావురానికి తగిలిందా?"

లేదన్నాను.
గూడ్సు పోయేదాకా
ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.